శాంతి పరిరక్షక దళాలు చార్టర్‌లో ఎక్కడున్నాయి? – సమాధానం

మీ పాప స్పీచ్ కోసం ఐక్యరాజ్యసమితి చార్టర్ (సమితిని ఏర్పరచిన ఒప్పందం) అంతా వెతికినా శాంతి పరిరక్షక దళాల మాటే కనబడలేదన్నారు కదండీ. టెన్షన్ పడకండి, ఆ మాట అందులో నిజంగానే లేదు. 1945లో ఆరో అధ్యాయంలో రాజీ మార్గాలు, ఏడో దాంట్లో బలప్రయోగం రాశారు. 1956లో ఈజిప్టులోని సూయజ్ కాలువ మీద వచ్చిన యుద్ధ గొడవకి ఆ రెండిటికీ మధ్య దారి కావలసి వచ్చి, సమితి శాంతి పరిరక్షక దళాన్ని పంపింది. అందుకే అప్పటి ప్రధాన కార్యదర్శి హామర్‌షెల్డ్ దాన్ని "ఆరున్నర అధ్యాయం" అన్నారు. ఆ దళం సైనికులకి నీలం టోపీలు సమయానికి దొరక్క, అమెరికన్ హెల్మెట్ల లోపలి తొడుగులకే నీలం రంగు కొట్టించారు! ఇది పాప తప్పకుండా చెప్పాలి.

ఆదర్శాలకైతే పీఠిక చదివించండి. "ఐక్యరాజ్యాల ప్రజలమైన మేము" అని మొదలై, తమ జీవితకాలంలోనే రెండుసార్లు చూసిన యుద్ధం నుంచి రాబోయే తరాలను కాపాడతామంటుంది. అక్కడికొచ్చేసరికి నాకు ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది.