బీరు బ్రాండు చరిత్ర రాయబోయే అమ్మాయికి

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. కింగ్‌ఫిషర్ ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయిందో రాస్తానన్నావు. మంచి పని. ముందు కాగితం మీద మూడు గళ్లు గీసుకో: పేరు, బ్రూవరీ (బీరు తయారుచేసే ఫ్యాక్టరీ), షేర్లు. ఈ మూడూ వేరువేరుగా చేతులు మారతాయి. కలిపేస్తే చరిత్ర తప్పుతుంది.

తేదీల దగ్గరే చాలామంది జారిపడతారు. 1857 అనేది క్యాజిల్ బ్రూవరీది, అది రెండో గడిలోకి. థామస్ లీష్‌మన్ దక్షిణాదిలో ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ పెట్టింది 1915లో; కింగ్‌ఫిషర్ ఈ కంపెనీదే. విజయ్ మాల్యా తండ్రి విఠల్ మాల్యా అందులో డైరెక్టరుగా వచ్చింది 1947లో. ఇవాళ మనమెరిగిన కింగ్‌ఫిషర్‌ని విజయ్ మాల్యా మార్కెట్లోకి తెచ్చింది 1978లో. సీసా మీది పాత ఏడాదిని బ్రాండు పుట్టిన తేదీగా రాసేయకు.

పేరు గడి నింపడానికి ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలో వెతుకు. అక్కడ సరుకుల్ని క్లాసులుగా విడగొడతారు: బీరు 32వ క్లాసు, విస్కీ, బ్రాందీలు 33. పేరుని కలిపీ, విడదీసీ రెండు రకాలుగా కొట్టి చూడు. ఉత్త పేరుకొక దరఖాస్తు, పిట్ట బొమ్మ ఉన్న లేబుల్‌కి ఇంకొకటి ఉంటాయి. యజమాని పేరుతో పాటు 'ఎప్పట్నుంచి వాడుతున్నాం' అన్న తేదీ కూడా కనిపిస్తుంది. అది దరఖాస్తుదారు చెప్పుకున్న మాట, రుజువు కాదు. క్లాసు సంగతి ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, కింగ్‌ఫిషర్ పేరుతోనే నడిచి 2012లో ఆగిపోయిన విమాన సంస్థ బ్రాండుని 2016లో బ్యాంకులు వేలానికి పెట్టాయి, కొనేవాళ్లు రాలేదు. అప్పుడు బీరు పేరు కూడా వేలానికొచ్చిందని అనుకున్నవాళ్లున్నారు. బీరు మార్కు వేరు, అది బీరు కంపెనీ దగ్గరే ఉంది.

బ్రూవరీ గడికి లేబుల్ చాలు. తయారీదారు చిరునామా, 'లైసెన్సు కింద' అన్న మాట ఉందో లేదో చూడు. రాష్ట్రం దాటితే సుంకాలు మీద పడతాయి కాబట్టి ఒకే బీరు చాలా రాష్ట్రాల్లో తయారవుతుంది. ఫ్యాక్టరీ వేరేవాళ్లదైనంత మాత్రాన బ్రాండు అమ్ముడుపోయినట్టు కాదు.

షేర్ల గడి దగ్గర ఓపిక పట్టు. '2008లో హైనెకెన్ (నెదర్లాండ్స్ బీరు కంపెనీ) కింగ్‌ఫిషర్‌ని కొనేసింది' అని రాయకు. ఆ ఏడాది హైనెకెన్, కార్ల్స్‌బర్గ్ కలిసి బ్రిటన్‌లోని స్కాటిష్ అండ్ న్యూకాజిల్ అనే బీరు కంపెనీని కొని పంచుకున్నాయి. యునైటెడ్ బ్రూవరీస్‌లో దాని చేతిలో ఉన్న 37.5 శాతం షేర్లు అలా హైనెకెన్ వాటాకొచ్చింది. తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ 46.5కి చేరింది. మాల్యా వైపు షేర్లను అప్పుల వసూలు ట్రిబ్యునల్ రికవరీ అధికారి అమ్మించినప్పుడు, 2021 జూన్‌లో మరో 15 శాతం కొని 61.5కి చేరింది. యాజమాన్యం మారిందని రాయదగ్గ తేదీ అదే.

స్టాక్ ఎక్స్ఛేంజీలో మూడు నెలలకోసారి పెట్టే షేర్ల పట్టికలు వరసగా దింపుకో. ప్రమోటర్లలో (కంపెనీని నడిపే ప్రధాన వాటాదారుల్లో) స్కాటిష్ అండ్ న్యూకాజిల్ పేరు ఇంకా కనిపిస్తే కంగారుపడకు, అదీ హైనెకెన్ కిందిదే. ప్రతి శాతం పక్కనా ఏ త్రైమాసికానిదో తప్పక రాసిపెట్టుకో.

ఇట్లు,
మీ పెద్దనాన్న