అత్తగారు నీళ్లు తాగడం మానేశారు

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. ఊళ్లో ఇంటికి తాళం వేసి హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. మూడు నెలల క్రితం బాత్రూంలో జారిపడ్డారు. ఎముకలేవీ విరగలేదు. అప్పట్నుంచి గది దాటి రారు, సాయంత్రమైతే మంచినీళ్లు ముట్టరు. చేతికర్ర కొనిస్తే మూలన పెట్టేశారు. ఈ మొండితనంతో మావారికి రోజూ టెన్షనే. ఏం చేయాలి?

జవాబు: అది మొండితనం కాదమ్మా, భయం. నీళ్లు తాగితే రాత్రి లేవాలి, లేస్తే మళ్లీ ఆ బాత్రూంలోకే వెళ్లాలి. అందుకే దాహాన్ని చంపుకుంటున్నారు. దాంతో నీరసం, మూత్రంలో మంట, కళ్లు తిరగడం మొదలైతే మళ్లీ పడే ప్రమాదం పెరుగుతుంది. ముందు డాక్టరుకు చూపించండి. పడుకున్నప్పుడూ లేచి నిలబడ్డాకా బీపీ చూడమనండి. బీపీ మాత్రలు, నిద్రమాత్రలు వాడుతుంటే ఆ చీటీలూ తీసుకెళ్లండి.

ఇక బాత్రూం. మీవారు ఒక్కసారి ఆమెతో కలిసి లోపలికి వెళ్లాలి. కమోడ్ మీద కూర్చుని లేచేటప్పుడు ఆమె చెయ్యి దేనికోసం తడుముకుంటుందో చూడండి. చాలా ఇళ్లలో అది తువ్వాలు ఆరేసే రాడ్డు మీద పడుతుంది. అది మనిషి బరువు ఆపదు. ఆ చెయ్యి చేరిన చోటే పెన్సిల్‌తో గుర్తు పెట్టి, గట్టి స్టీలు రాడ్డు డ్రిల్ చేయించి బిగించండి. సీటు మరీ కిందికి ఉంటే పైన అమర్చే ఎత్తు సీట్లు సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి. స్నానానికి ప్లాస్టిక్ స్టూలు వద్దు, కాళ్లకు రబ్బరు బుడిపెలున్న కుర్చీ వేయండి. తలుపు గడియ బయటి నుంచి కూడా తీయగలిగేది పెట్టించండి. గుమ్మం దగ్గర జారే పట్టా ఉంటే ఇవాళే తీసేయండి. మంచం నుంచి బాత్రూం దాకా రాత్రంతా చిన్న లైటు వెలగాలి. లేవగానే నడవకుండా మంచం అంచున కాసేపు కూర్చోమని చెప్పండి.

ఇవన్నీ ఆమెను అడిగే చేయండి. సొంతిల్లు వదిలి వచ్చిన మనిషి. ఈ ఇంట్లో ఏది ఎక్కడుండాలో ఆమెను ఇంతవరకూ ఎవరైనా అడిగారా? సోఫాలో దిగబడిపోతే లేవలేరు. చేతులున్న గట్టి కుర్చీ ఒకటి వంటింటి గుమ్మం దగ్గర వేయండి. చిక్కుడుకాయలు ఒలుస్తూ మీతో మాట్లాడతారు.

చేతికర్ర మాట ఇప్పుడు ఎత్తకండి. రాత్రి భోజనం దగ్గర ఆమె తనంతట తాను గ్లాసు అందుకున్న రోజు నాకు మళ్లీ రాయండి.