రాని స్కాలర్‌షిప్ మీద రెండు రూపాయల వడ్డీ

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. రైస్ మిల్లులో అకౌంటెంట్, వయసు 46, జీతం 34,000. భార్య ఇంట్లో కుట్టుపని చేస్తారు, నెలకు 5,000 వస్తాయి. అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో 976 మార్కులు వచ్చాయి. ఇంజినీరింగ్ వద్దని పట్టుబట్టి, ఒక కేంద్రీయ సంస్థలో ఐదేళ్ల సైన్స్ కోర్సులో చేరింది. ఫీజు, హాస్టల్, మెస్ కలిపి ఏటా లక్షా డెబ్భై వేలు. ఆయన మాటల్లోనే: ‘ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏటా 80,000 వస్తుందన్నారు. సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా వస్తాయట. ఆ నమ్మకంతో తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు, ఒక యాప్‌లో 40,000 తీసుకున్నాను. మొదటి సెమిస్టర్ ఫీజు, లాప్‌టాప్, మిగతా సామాను పోగా 75,000 రెండో సెమిస్టర్ కోసం బ్యాంకులో ఉంచాను. ఇంకా ఏయే స్కాలర్‌షిప్‌లకు దరఖాస్తు చేయాలి? వాటితో ఈ అప్పు ఎలా తీర్చాలి?’

మీ అమ్మాయికి ముందుగా అభినందనలు. ఈ మార్కులతో అందరూ కంప్యూటర్ సైన్స్ వైపు పరుగెత్తే రోజుల్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుతానన్న పిల్లకు అడ్డు చెప్పకపోవడం మీ పెద్ద మనసు.

అప్పు సంగతికి వస్తే మాత్రం నాకు కోపమే వచ్చింది. ప్రతి ఏడాది జూలై నుంచి అక్టోబరు మధ్య ఇలాంటి ఉత్తరాలు పదీ పదిహేను వస్తాయి. ఊళ్లు మారతాయి, వడ్డీ మారుతుంది, కథ ఒక్కటే. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, దరఖాస్తు కూడా పెట్టని స్కాలర్‌షిప్‌ను ఆదాయం కింద రాసుకుని అప్పు చేస్తారు. అందుకే మీ ఉత్తరాన్నే తీసుకున్నాను.

మీరు లెక్కలో వేసుకున్న మూడింటినీ చూద్దాం. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు తెలంగాణలో బీసీ కుటుంబాల ఆదాయ పరిమితి పల్లెల్లో ఏటా లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు. మీ జీతం ఒక్కటే నాలుగు లక్షలు దాటుతుంది. అది పోయింది. కేంద్ర విద్యా శాఖ ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ పరిమితి నాలుగున్నర లక్షలు. మీరు రాసిన అంకెలే కూడితే నెలకు 39,000, ఏడాదికి 4,68,000. పద్దెనిమిది వేల తేడాతో అదీ పోయింది. ‘మీసేవలో ఆదాయం తగ్గించి సర్టిఫికెట్ తెచ్చుకుంటే సరి’ అని ఎవరో ఒకరు సలహా ఇస్తారు. వినకండి. తప్పుడు ధ్రువపత్రం బయటపడితే డబ్బు వెనక్కి కట్టాలి, పిల్ల రికార్డు పాడవుతుంది. అంతా చేసి అది డిగ్రీ స్థాయిలో ఇచ్చేది ఏటా 12,000. పైగా రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకునేవారికి ఇది ఇవ్వరు. అంటే మీరు కూడిన రెండూ ఎవరికైనా కలిసి వచ్చేవే కావు.

మిగిలింది ఇన్‌స్పైర్. మంచి పథకం, నేను వంక పెట్టను. కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇస్తుంది, సహజ శాస్త్రాలు చదివే పిల్లలకు ఐదేళ్ల దాకా వస్తుంది. కానీ అందరూ చెప్పుకునే 80,000లో చేతికొచ్చేది 60,000. మిగతా 20,000 వేసవిలో ఒక పరిశోధకుడి దగ్గర చేసే ప్రాజెక్టు కోసం, అది మీ అప్పుకు పనికిరాదు. ఇంటర్ మార్కుల దారిలో వెళ్తే తన బోర్డులో పైనున్న ఒక్క శాతంలో ఉండాలి. ఆ గీత ఎక్కడో బోర్డు ఏటా చెబుతుంది. మన దగ్గర ఇంటర్ మార్కులు దండిగా పడతాయి కాబట్టి గీత కూడా పైనే ఉంటుంది. 976 దాటుతుందా లేదా అన్నది ఆ ఏడాది కటాఫ్ చూశాకే తేలుతుంది. జేఈఈలో పదివేల లోపు ర్యాంకు ఉంటే ఇంకో దారి ఉంది, మీరు ఆ సంగతి రాయలేదు.

వచ్చిందే అనుకోండి. నెలకు ఐదు వేల లెక్కన నెలనెలా పడుతుందని చాలామంది అనుకుంటారు. అలా పడదు. ఏడాది చదువు అయ్యాక మార్కుల మెమో, కాలేజీ సంతకంతో పనితీరు రిపోర్టు అప్‌లోడ్ చేస్తే అవి పరిశీలించి వేస్తారు. నా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో మొదటి ఏడాది డబ్బు మొదటి ఏడాదిలోనే చూసినవాళ్లు అరుదు. నా సంగతే చెబుతాను. నేను బీఎస్సీ చదివేటప్పుడు నాకూ ఒక స్కాలర్‌షిప్ ఉండేది, పేరుకి. అది చేతికొచ్చేసరికి రెండో ఏడాది పరీక్షలు కూడా అయిపోయాయి. ఈలోగా మెస్ బకాయిల జాబితా నోటీసు బోర్డు మీద, అందులో ఎర్ర సిరాతో నా పేరు. హాల్‌టికెట్ ఇవ్వనంటే మా నాన్న ఆవును అమ్మారు. పాలిచ్చే ఆవు. స్కాలర్‌షిప్ అన్న మాట వినగానే నేను ముందు తేదీ అడగడం అప్పటి నుంచి అలవాటైంది.

ఇప్పుడు మీ వడ్డీ చూడండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. రెండు లక్షలకు నెలకు 4,000, ఏడాదికి 48,000. ఇన్‌స్పైర్ వచ్చినా, చేతికందే 60,000లో 48,000 ఆ పెద్దమనిషికే పోతాయి. మీ అమ్మాయి ఏడాదంతా చదివి తెచ్చుకున్న స్కాలర్‌షిప్‌లో ఆమెకు మిగిలేది పన్నెండు వేలు. అసలు పైసా తరగదు.

యాప్ సంగతి ఇంకా దారుణం. 40,000 అని రాశారు గాని, మీరు పంపిన స్క్రీన్‌షాట్‌లో ఖాతాలో పడింది 38,000. రెండు వేలు ముందే కోసుకున్నారు. పన్నెండు నెలలు 3,900 చొప్పున కట్టాలి. ‘నెలకు ఒకటిన్నర శాతమే’ అని పైన పెద్ద అక్షరాలు. లెక్క వేస్తే ఏడాదికి దాదాపు 40 శాతం పడుతుంది. పిల్ల చదువు కోసం యాప్ తెరవడం ఏమిటండీ? బ్యాంకుకు వెళ్లడానికి మొహమాటం, యాప్‌కు మాత్రం ఫోన్‌బుక్కు మొత్తం అప్పజెబుతాం.

ఇక ఆ 75,000. 24 శాతానికి తెచ్చి సేవింగ్స్ ఖాతాలో రెండున్నర, మూడు శాతానికి పడుకోబెట్టారు. అది పొదుపు కాదు, నెలకు పదమూడు వందల పైనే కాల్చడం. ఈ వారమే తీసి ముందు యాప్ అప్పు ముగించండి. రెండు వాయిదాలు కట్టేశారు కాబట్టి, ముందుగా మూసే చార్జీతో కలిపి 35,000 దాకా అవుతుంది. మూసినట్టు నో డ్యూస్ లెటర్ తీసుకుని ఆ యాప్ తీసేయండి. మిగిలిన 40,000 వడ్డీ అప్పులో జమ కట్టండి. అక్కడ 1,60,000 మిగులుతుంది.

ఇంట్లో నాలుగు తులాల బంగారం ఉందని, ‘అది మాత్రం ముట్టుకోం’ అని రాశారు. ముట్టుకోండి. అమ్మమనడం లేదు. బ్యాంకులో పెడితే వడ్డీ పది శాతం దగ్గర ఉంటుంది. 1,60,000 తీసుకుని ఆ చేతి అప్పు పూర్తిగా తీర్చేయండి. నెలకు 7,900 పోతున్న చోట వడ్డీ 1,350 అవుతుంది. నెలనెలా వడ్డీ కట్టుకుంటూ, ఏడాదికోసారి బ్యాంకుకు వెళ్లి రెన్యూవల్ చేయించుకోవాలి. వడ్డీ వ్యాపారి దగ్గర పరువు పోవడం కన్నా బీరువాలో నగ లేకపోవడం నయం. ఇంట్లో ఆవిడ ఒప్పుకోకపోతే ఈ పేరా చదివి వినిపించండి.

రెండో సెమిస్టర్ నుంచి ఫీజుకు విద్యా రుణం తీసుకోండి. అమ్మాయి చదివే సంస్థ కేంద్ర విద్యా రుణ పథకం పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందో లేదో పోర్టల్‌లో చూస్తే తెలిసిపోతుంది. ఉంటే తాకట్టూ హామీదారూ అడగరు. కట్టడం కోర్సు అయ్యాక ఏడాదికి మొదలవుతుంది. కొన్ని బ్యాంకులు ఆడపిల్లలకు అర శాతం తగ్గిస్తాయి. మొదటి సెమిస్టర్ రసీదులు కూడా పట్టుకెళ్లి, కట్టేసిన ఫీజు తిరిగి ఇస్తారేమో అడగండి. ఒక మెలిక ఉంది: ఎనిమిది లక్షల లోపు ఆదాయం వారికి ఇచ్చే 3 శాతం వడ్డీ రాయితీ, వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ అందేవారికి రాదు. ఇన్‌స్పైర్ వస్తే రాయితీ ఉండదు, రుణం ఉంటుంది. ఏటా ఫీజుకూ హాస్టల్‌కూ కావలసినంతే తీసుకోవాలి. శాంక్షన్ అయింది కదా అని బైక్ కొనకండి, చాలామంది కొంటున్నారు.

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. మీ ఉత్తరం రెండు పేజీలుంది. అందులో అత్యవసర నిధి అన్న మాట ఒక్కచోట లేదు. మీ సొంత డబ్బు బ్యాంకులో 11,000. ఇంటి ఖర్చు నెలకు 24,000 అన్నారు. అంటే మిల్లు పదిహేను రోజులు మూతపడితే మళ్లీ ఆ రెండు రూపాయల ఆయన గుమ్మమే. సీజన్ లేనప్పుడు మిల్లుల్లో జీతాలు ఎలా ఆలస్యమవుతాయో నాకన్నా మీకే బాగా తెలుసు. స్కాలర్‌షిప్ ఆలస్యం, జీతం ఆలస్యం, మెస్ బిల్లు మాత్రం సరిగ్గా ఒకటో తారీఖున. నిధి ఉన్న ఇంట్లో ఆలస్యమైన స్కాలర్‌షిప్ ఓ చికాకు. నిధి లేని ఇంట్లో అది అప్పు.

జీతాలు 39,000. ఇంటికి 24,000, అమ్మాయి చేతి ఖర్చుకు 3,000, బంగారం వడ్డీ 1,350 పోతే పదివేల పైన మిగులుతుంది. అందులో 6,000 అత్యవసర నిధికి, 4,000 బంగారం అప్పు అసలుకు. ఏడాది తిరిగేసరికి నిధి 72,000 అవుతుంది, అంటే మూడు నెలల ఇంటి ఖర్చు. అక్కడ ఆపకండి, ఒక సెమిస్టర్ ఫీజు 85,000 కూడా చేరేదాకా సాగించండి. ఈ డబ్బు ఏటీఎం కార్డు లేని వేరే ఖాతాలో, రికరింగ్ డిపాజిట్‌లో ఉండాలి. మ్యూచువల్ ఫండ్, షేర్లు, మరిది గారి చీటీ ఏవీ వద్దు. స్కాలర్‌షిప్ రాకపోయినా మూడేళ్ల నాలుగు నెలల్లో బంగారం ఇంటికొస్తుంది. ఏటా ఆ 60,000 వస్తే రెండేళ్లకు అటూఇటూగా వచ్చేస్తుంది. లెక్క అది లేకుండా నిలబడాలి, వస్తే త్వరగా తెమలాలి.

మూడు లక్షల పాలసీ ఉందన్నారు. దానితో ఐదేళ్ల కోర్సులో రెండేళ్లు కూడా గడవవు. జీతం ఉండగానే కనీసం యాభై లక్షలకు టర్మ్ పాలసీ తీసుకోండి.

ఇక మీరు అడిగిన స్కాలర్‌షిప్‌లు. సైన్స్ పిల్లల పాత కేంద్ర స్కాలర్‌షిప్ కేవీపీవై రాయమని ఎవరైనా చెబితే వినకండి, అది 2022లోనే ఇన్‌స్పైర్‌లో కలిసిపోయింది. రిలయన్స్ ఫౌండేషన్ అండర్‌గ్రాడ్యుయేట్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉంటే చాలు, డిగ్రీ మొత్తానికి రెండు లక్షల దాకా ఇస్తారు. మొదటి ఏడాది వారికే కాబట్టి గడువు దాటకుండా పెట్టండి, ఆన్‌లైన్ పరీక్ష ఒకటి ఉంటుంది. దిశ స్కాలర్‌షిప్ భువనేశ్వర్ నైసర్, ముంబై సీఈబీఎస్ అనే రెండు సైన్స్ సంస్థల పిల్లలకు. మీ పిల్ల అక్కడ చేరి ఉంటే కాలేజీయే చెప్పి ఉండేది. చేరిన సంస్థలో ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గింపు ఉందేమో అకడమిక్ ఆఫీసులో అడగండి. ఇలాంటివి అడగనివాళ్లకు ఎవరూ పిలిచి ఇవ్వరు. రెండో ఏడాది నుంచి బెంగళూరు ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, మరో రెండు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ చూసుకోవచ్చు. రెండు నెలలు మంచి ల్యాబ్‌లో పని, స్టైపెండ్ కూడా. కోర్సు చివర ఎంఎస్ పట్టా వచ్చాక నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే నెలకు 37,000, పైగా ఇంటి అద్దె భత్యం. విద్యా రుణం తీరేది దానితోనే. అయితే దాన్ని చూపించి ఇప్పుడెవరూ అప్పు చేయకండి.

ఇన్‌స్పైర్‌కు పెట్టేటప్పుడు అమ్మాయి టెన్త్ మెమో, ఆధార్, పాస్‌బుక్కు మూడూ పక్కపక్కన పెట్టి చూడమనండి. మన ఇళ్లలో ఇంటిపేరు మెమోలో ఒక్క అక్షరం, ఆధార్‌లో మొత్తం ఉంటుంది. దరఖాస్తులు ఆగేది చాలాసార్లు అక్కడే. ‘ఆధార్ లింక్ అయింది’ అని బ్యాంకులో చెప్పినా ఊరుకోవద్దు. ప్రభుత్వ డబ్బు ఆధార్‌తో పంపినప్పుడు, బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దగ్గర ఆఖరున సీడింగ్ అయిన (ఆధార్‌తో జతపరిచిన) ఖాతాలోకి వెళుతుంది. చిన్నప్పుడు స్కూల్లో తీయించిన ఖాతా ఏదైనా అక్కడ కూర్చుని ఉంటే డబ్బు అందులో పడి ఉంటుంది, మీరు రాలేదని తిరుగుతుంటారు. ప్రాసెసింగ్ ఫీజు కడితే స్కాలర్‌షిప్ ఇప్పిస్తామని ఫోన్ చేసేవాళ్లు దొంగలు.

చేతి అప్పు తీర్చే రోజు మీ భార్యను కూడా తీసుకెళ్లండి. డబ్బు బ్యాంకు ద్వారానే వేయండి, నోట్లు లెక్కపెట్టి ఇవ్వకండి. ప్రామిసరీ నోటు వెనక ‘పూర్తిగా ముట్టింది’ అని తేదీతో రాయించి సంతకం పెట్టించుకుని ఆ నోటు, మీరు ఇచ్చానన్న రెండు ఖాళీ చెక్కులు చేతికి తీసుకున్నాకే అక్కడి నుంచి లేవండి.