అమెరికాలో ట్యూనా: తరచూ తినేది ఏది, ఎప్పుడో ఒకసారి తినేది ఏది

న్యూజెర్సీలో కొత్తగా దిగిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "అన్నా, షాపులో ట్యూనా డబ్బాలు ఇన్ని రకాలు ఉన్నాయి, ఏది కొనాలి? మా ఆవిడ ప్రెగ్నెంట్, తినొచ్చా? పులుసు పెట్టుకుంటే బాగుంటుందా?" ట్యూనా అనేది ఒకే చేప కాదు కాబట్టి దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. స్కిప్‌జాక్, అల్బకోర్, యెల్లోఫిన్, బిగ్‌ఐ, బ్లూఫిన్ అన్నీ ట్యూనాలే. దొరికే సముద్రం వేరు, రుచి వేరు, ఒంట్లో ఉండే పాదరసం మోతాదూ వేరు.

డబ్బా మీద "లైట్" అని ఉంటే లోపల ఎక్కువగా స్కిప్‌జాక్ ఉంటుంది. వీటిలో చిన్న చేప ఇదే, త్వరగా పెరిగి త్వరగా గుడ్లు పెడుతుంది. ప్రపంచంలో పట్టే ట్యూనాలో సగానికి పైగా ఇదే. అందులో పెద్ద వాటా పసిఫిక్ పడమటి వైపు నుంచి వస్తుంది. పాపువా న్యూగినీ, సోలమన్ దీవులు, కిరిబాటి, టువాలు, నౌరు లాంటి 8 దేశాలు ఒక ఒప్పందం చేసుకుని, తమ నీళ్లలో వేటాడే రోజులను విదేశీ ఓడలకు అమ్ముతాయి. కొన్ని దీవుల ప్రభుత్వాలకు ప్రధాన ఆదాయం ఇదే. పట్టే పద్ధతి మనకు కొత్త కాదు. విశాఖ తీరంలో రింగు వలల మీద గొడవలు జరిగాయి కదా, అలాంటి వలలే, కాకపోతే చాలా పెద్దవి. పట్టిన చేపను ఓడలోనే గడ్డకట్టించి థాయిలాండ్, ఫిలిప్పీన్స్, ఈక్వడార్ కార్ఖానాలకు పంపుతారు. కొంత అమెరికన్ సమోవాలోని పాగో పాగోకు చేరుతుంది. డబ్బా మీద "పోల్ అండ్ లైన్" అని ఉంటే ఒక్కొక్క చేపనూ గాలంతో పట్టారని అర్థం. మాల్దీవుల వాళ్లు తరతరాలుగా అలాగే పడతారు. ధర కొంచెం ఎక్కువైనా నేను అదే కొంటాను. ఆ పద్ధతిలో తాబేళ్లు, సొరలు, అక్కర్లేని చిన్న చేపలు వలలో పడి చావవు.

"వైట్" అని ఉన్నది అల్బకోర్. అమెరికా నిబంధనల ప్రకారం ఆ మాట ఇంకే ట్యూనా మీదా వేయకూడదు. ఇది కాస్త చల్లటి నీళ్లలో తిరిగే చేప. ఇక్కడ ఒరెగాన్, వాషింగ్టన్ తీరాల్లో వేసవిలో గాలాలతో పడతారు. కండ తెల్లగా, గట్టిగా, పెద్ద పెద్ద పొరలుగా ఉంటుంది. గుండెకు మంచిదనే ఒమేగా 3 కొవ్వు లైట్ డబ్బాలో కంటే ఇందులో దాదాపు మూడు రెట్లు ఉంటుంది. అయితే పాదరసం కూడా దాదాపు అంతే ఎక్కువ. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షల్లో సగటున లైట్ డబ్బాలో పది లక్షల భాగాలకు 0.126 వస్తే, అల్బకోర్‌లో 0.350 వచ్చింది. బిగ్‌ఐలో 0.689. పెద్ద చేప చిన్న చేపలను తింటుంది, ఏళ్ల తరబడి బతుకుతుంది, ఆ పాదరసమంతా కండలో పేరుకుంటుంది. ఉప్పు పసుపు వేసి ఎంత కడిగినా, ఎంతసేపు ఉడికించినా అది పోదు.

గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇక్కడి ప్రభుత్వం చెప్పే లెక్క సులువుగానే ఉంటుంది. లైట్ ట్యూనా అయితే వారానికి 2 లేదా 3 సార్లు, మిగతా చేపలతో కలిపి. అల్బకోర్, యెల్లోఫిన్ అయితే ఒక్కసారే, ఆ వారం ఇంకే చేపా వద్దు. బిగ్‌ఐ అసలు వద్దు. ఒకసారి అంటే 4 ఔన్సులు. మామూలు 5 ఔన్సుల డబ్బా నీళ్లు వంపేస్తే సుమారు అంతే మిగులుతుంది. పిల్లలకు లైట్ రకం వారానికి రెండుసార్లు, 1 నుంచి 3 ఏళ్ల వాళ్లకు ఒక ఔన్సు, 4 నుంచి 7 ఏళ్ల వాళ్లకు 2 ఔన్సులు చాలు. లండన్‌లో ఉన్న మీ వాళ్లు వేరే లెక్క చెబితే గాభరా పడకండి. అక్కడ గర్భిణులకు వారానికి 4 డబ్బాలు లేదా 2 స్టేకులు మించవద్దంటారు. మీరు చూపించుకునే డాక్టరు చెప్పిందే పాటించండి.

ఇక వంట సంగతి. డబ్బా ట్యూనాతో పులుసు పెట్టొద్దనే నా సలహా. దాన్ని కార్ఖానాలోనే రెండుసార్లు ఉడికిస్తారు, ఒకసారి విడిగా, ఇంకోసారి డబ్బాలో పెట్టి. చింతపండు పులుసులో మళ్లీ మరిగిస్తే పీచు పీచుగా విడిపోతుంది. దానికి సరిగ్గా కుదిరేది పొరటు. మన తీరప్రాంతంలో సొరచేపను ఉడికించి చిదిపి చేస్తారు చూడండి, అలా. నూనెలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి బాగా వేగాక, పసుపు, కారం, ధనియాల పొడి వేసి, నీళ్లు పిండేసిన ట్యూనా చివర్లో వేసి మూడు నాలుగు నిమిషాలు తిప్పితే చాలు. రుచి చూశాకే ఉప్పు వేయండి, డబ్బాలో ముందే ఉంటుంది. ఇంట్లో ఎవరికైనా సోయా ఎలర్జీ ఉంటే వెనక చిన్న అక్షరాలు తప్పకుండా చదవండి. చాలా బ్రాండ్ల వాళ్లు పోసే కూరగాయల రసంలో సోయా ఉంటుంది.

తాజా స్టేకులు కావాలంటే యెల్లోఫిన్ మంచిది. మన న్యూజెర్సీలోనే బార్నెగాట్ లైట్, పాయింట్ ప్లెజంట్ రేవుల నుంచి పడవలు సముద్రం అడుగున లోయలా ఉండే హడ్సన్ కాన్యన్ దాకా వెళ్లి యెల్లోఫిన్, బిగ్‌ఐ పట్టుకొస్తాయి. ఈ యెల్లోఫిన్ బంగాళాఖాతంలోనూ ఉంది. విశాఖ, పూడిమడక మత్స్యకారులు గాలాలతో పడతారు. సూర అంటారు అక్కడ. మన ఇళ్లలో వంజరానికి ఉన్న గిరాకీ దానికి ఎప్పుడూ రాలేదు, కానీ దానిది మంచి కండ. కొవ్వు తక్కువ కాబట్టి ఎక్కువసేపు మంట మీద ఉంచొద్దు. కారం, నిమ్మరసం పట్టించి పెనం మీద ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు వేపండి.

ఫ్రీజర్‌లో దొరికే స్టేకుల విషయంలో ఒక జాగ్రత్త. మరీ గులాబీ రంగులో, అన్నీ ఒకేలా మెరుస్తుంటే వాటికి కార్బన్ మోనాక్సైడ్ పట్టించి ఉండొచ్చు. లేబుల్ మీద "టేస్ట్‌లెస్ స్మోక్" అని కూడా రాస్తారు. అమెరికాలో దానికి అనుమతి ఉంది, యూరప్‌లో లేదు. తింటే విషం కాదు, కానీ చేప పాతబడినా ఆ రంగు మారదు. రంగు చూసి తాజాదనం తేల్చుకోవడం కుదరదు.

ట్యూనాలో అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది, మనవాళ్లకు పెద్దగా తెలియనిది. పట్టిన వెంటనే చల్లగా ఉంచకపోతే దాని కండలో హిస్టమిన్ తయారవుతుంది. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడడం, తలనొప్పి, ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. బాగా ఉడికిస్తే పోతుందనుకోవద్దు, వేడికి అది చెక్కుచెదరదు. అందుకే షాపు నుంచి ఐస్ సంచిలో తీసుకురండి, కారు డిక్కీలో పెట్టుకుని ఇంకో రెండు పనులు చూసుకోవద్దు. తినేటప్పుడు నాలుక మీద మిరియాల ఘాటులా చురుక్కుమంటే అక్కడితో ఆపేయండి. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 911కి ఫోన్ చేయండి.

బిగ్‌ఐ, బ్లూఫిన్ సుషీ కోసం కొనే చేపలు. హవాయిలో "అహి" అంటే యెల్లోఫిన్ కావచ్చు, బిగ్‌ఐ కావచ్చు. కాబట్టి పోకే (పచ్చి చేప ముక్కలతో చేసే హవాయి వంటకం) షాపులో ఏదో అడిగి తెలుసుకోండి. గర్భిణులు ఎలాగూ పచ్చి చేప జోలికి వెళ్లకూడదు. బ్లూఫిన్‌కు ఉన్న మోజు చెప్పలేం. 2019 జనవరిలో టోక్యో వేలంలో 278 కిలోల ఒక్క చేప 33.36 కోట్ల యెన్‌లు పలికింది. ఆ ధర దాని కొవ్వుకి, పచ్చిగా తింటే వచ్చే రుచికి. మన మసాలా పట్టించాలనుకుంటే అంత డబ్బు పెట్టడం వృథా.

చివరగా, పురుడు పోయడానికి ఇండియా నుంచి వచ్చే అమ్మలకు, అత్తగార్లకు ఓపిగ్గా చెప్పాల్సిన సంగతి. పాలు పడతాయని బాలింతకు పాలసొర పెట్టడం మన దగ్గర ఆనవాయితీ. ఇక్కడ గర్భిణులు, పాలిచ్చే తల్లులు తినకూడని చేపల జాబితాలో సొర ఉంది. కింగ్ మాకెరెల్ కూడా ఉంది. అది మన వంజరానికి దగ్గరి చుట్టం, కొన్ని షాపుల్లో రెండూ కింగ్ ఫిష్ అనే పేరుతోనే అమ్ముతారు. ఏదో తేల్చుకోలేకపోతే ఆ నెలల్లో రెండూ మానేయండి. బదులుగా కవ్వలు తెచ్చి పులుసు పెట్టమనండి, సాల్మన్ వేపుడు చేయమనండి. పాదరసం తక్కువ, ఒమేగా 3 ఎక్కువ, పైగా కవ్వల పులుసంటే ఆవిడకు ఎవరూ నేర్పక్కర్లేదు.