పోలవరం దగ్గర అడుగుజీవుల సర్వేకు వెళ్తున్న సుజాతకు

చి. సుజాతకు ఆశీస్సులు.

ప్లవకాలు (నీళ్లలో తేలే చిన్న జీవులు), అడుగుజీవుల (ఏటి అడుగున బతికేవాటి) సర్వే నీకు అప్పగించారట. వలలు కొనడానికి ముందే స్టేషన్ల, అంటే నమూనాలు తీసే చోట్ల, సంగతి తేల్చుకో. డ్యాంకు పైన ఒకటి, కింద ఒకటి పెట్టి పోల్చేస్తే పోలవరంలో చెల్లదు. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే (గేట్ల కట్టడం) మీదికి మళ్లించాక కాఫర్ డ్యాం (తాత్కాలిక అడ్డుకట్ట) వెనక నీళ్లు నిలుస్తున్నాయి. అక్కడ సీసా ముంచితే వచ్చేది చెరువు నీటి లెక్క, పారే ఏటిది కాదు. నీరు ఎంతవరకు ఎగదన్నుతోందో చూసి, దానికి పైన పోలిక స్టేషను పెట్టు. దిగువన 42 కిలోమీటర్లలో ధవళేశ్వరం బ్యారేజీ ఉంది కాబట్టి అటు నిలవనీటినీ చూసుకో. పని జరిగే చోటికి అర, రెండు, ఐదు కిలోమీటర్ల కింద మూడు స్టేషన్లు చాలు.

ఎర్రనీరు రాకముందు మేలో, వరద తీశాక నవంబరులో, మళ్లీ ఫిబ్రవరిలో తియ్యి. వరదలో అడుగు తవ్వొద్దు. ప్రాణానికి ముప్పు, పైగా ఇసుకే కదిలిపోతుంటే ఆ లెక్కకు అర్థం లేదు.

వృక్షప్లవకాలకు (తేలే నాచులకు) వల వద్దు, సన్నవి జారిపోతాయి. అర మీటరు లోతున లీటరు నీళ్లు పట్టి, పల్చటి టీ రంగు వచ్చేదాకా లుగోల్ ద్రావణం (నమూనా చెడకుండా కాపాడే అయోడిన్ ద్రావణం) కలుపు, సుమారు 5 మి.లీ. పడుతుంది. 48 గంటలు కదపకుండా ఉంచి, పైనీటిని సన్న గొట్టంతో లాగేసి 50 మి.లీ. మిగుల్చు.

జంతుప్లవకాలకు 60 మైక్రాన్ల వలలో 50 లీటర్లు బకెట్‌తో కొలిచి పొయ్యాలి. కట్టడం దగ్గర ఒండ్రు ఎక్కువ. వల పూడుకుపోయి నీళ్లు అంచు మీంచి పొర్లితే అక్కడే ఆపు. 20 లీటర్లే వడిస్తే 20 అనే రాయి. వల్లో మిగిలింది 50 మి.లీ. చేసి, సెడ్జ్‌విక్-రాఫ్టర్ గదిలో (సూక్ష్మదర్శిని కింద పెట్టి లెక్కించే గాజు పలకలో) ఒక మి.లీ.లో 12 జీవులు కనబడ్డాయనుకో: 12 × 50 ÷ 20, లీటరుకు 30. అలవాటుగా 50 లీటర్లని రాస్తే 12కి పడిపోతుంది. డ్యాం వల్ల జీవం తగ్గిందని నివేదికకు ఎక్కేది ఇలాంటి అంకెలే, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అడుగుకు ఒకే పనిముట్టు సరిపోదు. ఎక్మన్ గ్రాబ్ (దవడలతో అడుగు మట్టిని పట్టి తెచ్చే పెట్టె) మెత్తటి బురదకే. ఇసుకలో దిగదు. దవడల మధ్య గులకరాయి ఇరుక్కుంటే మట్టంతా కారిపోతుంది, ఆ తోడు (ఒకసారికి తోడిన మట్టి) పారబోసి మళ్లీ వెయ్యి. ఇసుకకు వాన్ వీన్ అనే బరువైన గ్రాబ్, ఒక్క అడుగు (30 సెం.మీ.) లోతులోపు నీరు పారే రాళ్ల చోట సర్బర్ అనే చట్రం వల. ప్రతిచోటా కనీసం మూడు తోళ్లు, విడివిడి సీసాల్లో. 15 సెం.మీ. ఎక్మన్ అయితే లెక్కను 44.4తో హెచ్చిస్తే చదరపు మీటరుకు వస్తుంది. అర మిల్లీమీటరు జల్లెడలో వేసి నీళ్లలో ఆడించు. ధారగా కొడితే పురుగులు తెగుతాయి. తెగినవాటిలో తలలే లెక్కపెట్టు, ఖాళీ గుల్లల్ని వదిలెయ్యి.

నత్తలు, ఆలిచిప్పలు మాత్రం 70 శాతం ఆల్కహాల్‌లో పెట్టు. ఆమ్లాన్ని విరిచే బోరాక్స్ కలపని ఫార్మలిన్‌లో చిప్పలు కరిగిపోయి జాతి పోల్చలేవు.

ప్రతి తోడు నుంచీ గుప్పెడు మట్టి విడిగా కవరులో కట్టు, రేణువుల పరిమాణం చూడ్డానికి. మేఫ్లై పురుగు పిల్లలు తగ్గి ఎర్ర కైరోనోమిడ్‌లు (బురదలో పెరిగే ఒక రకం ఈగల పిల్లలు) పెరిగాయంటే, అది ఒండ్రు దిగినందువల్లా, లేక మొదట్నుంచీ అక్కడ బురదేనా అని చెప్పగలిగేది ఆ మట్టే. రాళ్ల అడుగును రాళ్ల అడుగుతోనే పోల్చు.

చీటీలు పెన్సిల్‌తో దళసరి కాగితం మీద రాసి సీసా లోపలే వెయ్యి. పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.