జర్మనీలో డిజిటల్ పబ్లిషింగ్: ఏ కోర్సు, ఎంత జర్మన్, ముందు ఏం చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. ప్రోగ్రామింగ్ బాగానే చేస్తుంది కానీ మనసంతా రాయడం మీదా, తెలుగు పుస్తకాల మీదా ఉంది. వెబ్ కొత్తగా వచ్చిన రోజుల్లో జర్మన్‌లో హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే కోడ్) పాఠాలు రాసి పేరు తెచ్చుకున్న స్టెఫాన్ మ్యూంట్స్ గురించి చదివి, అలాంటి పనే చేస్తానంటోంది. ఎంఎస్ కంప్యూటర్ సైన్స్‌కి పంపాలా, పబ్లిషింగ్ కోర్సుకా? లోన్‌కి ఇప్పుడే అప్లై చేయమంటారా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: లోన్ ఇప్పుడే వద్దండి. ముందు మీ అమ్మాయి ఆదర్శంగా ఎంచుకున్న మ్యూంట్స్ అసలు ఏం పని చేశాడో చూద్దాం. కోర్సు సంగతి అక్కడే సగం తేలిపోతుంది.

మ్యూంట్స్ సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ రాసే వృత్తిలోంచి వచ్చినవాడు. 1995లో ‘సెల్ఫ్‌హెచ్‌టీఎంఎల్’ పేరుతో ఆ పాఠాలు మొదలుపెట్టాడు. అప్పటికి ఈ విషయం మీద ఉన్నదంతా దాదాపు ఇంగ్లిష్‌లోనే. ఆయన ఒక్కో ట్యాగ్‌నీ తీసుకుని అది ఏం చేస్తుందో, ఎక్కడ వాడాలో, కోడ్ ఎలా ఉంటుందో మామూలు జర్మన్‌లో ఉదాహరణతో సహా రాశాడు. ఇంటర్నెట్‌కి నిమిషాల లెక్కన టెలిఫోన్ బిల్లు పడే కాలమది. మొత్తం జిప్ ఫైలుగా దించుకుని, లైన్ కట్ చేసి తీరిగ్గా చదువుకునే ఏర్పాటు ఉండేది. అంతా ఉచితం. ముద్రిత పుస్తకాలు తర్వాత వచ్చాయి. 2001 నాటికి 8.0 వెర్షన్ దాకా నడిచింది. ఆ తర్వాత వలంటీర్లు అందుకుని వికీగా కొనసాగిస్తున్నారు.

ఆయన కొత్తగా కనిపెట్టిందంటూ ఏమీ లేదు. తెలిసినదాన్ని తన భాషలో తప్పుల్లేకుండా చెప్పడం, ప్రమాణం మారినప్పుడల్లా తిరగరాయడం, అంతే. హనోవర్‌లోని హైజ సంస్థదీ ఇంచుమించు ఇదే తీరు. 1949లో మొదలై అడ్రస్ పుస్తకాలు, టెలిఫోన్ డైరెక్టరీలు వేసిన ప్రచురణకర్త అది. 1983లో కంప్యూటర్ పత్రిక పెట్టి, 1996లో వార్తల్ని ఆన్‌లైన్‌కి తెచ్చింది. డైరెక్టరీ వేసేవాడికి ఒక్క అంకె తప్పు పోయినా పరువు పోతుంది కదా, ఆ క్రమశిక్షణ పనికొచ్చిందని నా అభిప్రాయం.

ఇక కోర్సు. మీ అమ్మాయికి దగ్గరైన వృత్తిని జర్మనీలో ‘టెక్నిషె రెడాక్ట్యోన్’ అంటారు, అంటే సాంకేతిక రచన. యంత్రం అమ్మితే, వాడే దేశపు భాషలో సూచనల పుస్తకం ఇచ్చి తీరాలని ఐరోపా చట్టాలు చెబుతాయి. కాబట్టి యంత్రాలు తయారుచేసే కంపెనీలకు ఈ మనుషులు కావాల్సిందే. ష్టుట్‌గార్ట్‌లో ఉండే ‘టేకోమ్’ వీళ్ల వృత్తి సంఘం. పుస్తక ప్రచురణే కావాలంటే మైన్స్‌లోని గూటెన్‌బర్గ్ యూనివర్సిటీలో పుస్తక శాస్త్రం ఉంది. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు: ఈ కోర్సులు నడిచేది జర్మన్‌లో. అడ్మిషన్‌కి సాధారణంగా జర్మన్ భాషా పరీక్షలైన టెస్ట్‌డాఫ్‌లో నాలుగు విభాగాల్లోనూ 4, లేదా డీఎస్‌హెచ్‌లో 2వ స్థాయి అడుగుతారు. పత్రికలో రెండేళ్ల ‘వోలోంటారియాట్’ శిక్షణకైతే పుట్టి పెరిగినవాళ్లతో సమానంగా రాయగలగాలి. ఐదారేళ్ల లోపు దాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇంగ్లిష్ మీడియం ఎంఎస్‌లో చేరి అక్కడికెళ్లాక జర్మన్ నేర్చుకుంటామనే వాళ్లే ఎక్కువ. మొదటి సెమిస్టర్ పరీక్షలు, పార్ట్‌టైమ్ పని కలిసి భాషని మింగేస్తాయి. భాషా స్థాయిల్లో ఏ1 మొదటి మెట్టు, ఏ2, బీ1 దాటాక వచ్చేది బీ2. ఆ బీ2 స్థాయికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా పడతాయి. వారానికి 10 పాఠాలనుకున్నా పద్నాలుగు నెలల నుంచి ఏడాదిన్నర దాకా పడుతుంది. అందుకే ఈ నెలలోనే హైదరాబాద్ గోథే సెంట్రుమ్‌లో ఏ1 మొదలుపెట్టించండి. నా సలహా ఇది: సీఎస్‌లోనో మీడియా ఇన్ఫర్మాటిక్స్‌లోనో మాస్టర్స్‌కి గురిపెట్టి, వెళ్లేలోపు బీ2 పూర్తి చేయించండి. అప్పుడు చదువుకుంటూనే ఏదైనా కంపెనీ డాక్యుమెంటేషన్ విభాగంలో విద్యార్థి ఉద్యోగం అడగొచ్చు.

ఖర్చు లెక్క. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకి ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి. మన డబ్బులో 12 లక్షలకు అటూఇటూ. అది ఫీజు కాదు, నెలకి 992 చొప్పున తన తిండికీ గదికీ వెనక్కి వచ్చే సొమ్మే. వీసా వేళకి అంకె మారిందేమో చూసుకోండి. మన డిగ్రీ కాగితాలు సరైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్‌కి 18,000 రూపాయలు. యూనివర్సిటీల తరఫున దరఖాస్తులు పరిశీలించే యూని-అసిస్ట్ ద్వారా వెళ్లేవాటిలో మొదటిదానికి 75 యూరోలు, ఆ తర్వాత ఒక్కోదానికి 30. ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఎక్కువ చోట్ల ట్యూషన్ ఫీజు లేదు కానీ, బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలుంది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ సంగతి చివర్లో చెబుతారు.

వెళ్లేలోపు ఇక్కడే ఆరు నెలల పని ఒకటుంది. నేనైతే సర్టిఫికెట్ కోర్సుల కంటే దీనికే ఎక్కువ విలువిస్తాను. కాపీరైట్ తీరిన తెలుగు రచన ఒకటి తీసుకుని పద్ధతిగా ఈబుక్ చేయమనండి. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి నుంచి 60 ఏళ్లు, జర్మనీలో 70. గురజాడ 1915లో, కందుకూరి 1919లో పోయారు, ఇబ్బంది లేదు. శ్రీశ్రీ 1983లో పోయారు, 2043 అయ్యేదాకా ముట్టుకోవద్దు. పాత రచనకి ఈమధ్య వేసిన ప్రతిలోని ముందుమాట, ఫుట్‌నోట్లు ఆ సంపాదకుడివి. అవి ఎత్తి పెట్టకూడదు.

పేజీలు 300 డీపీఐలో స్కాన్ చేసి ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) చేస్తే ‘మ’ ఉన్నచోట ‘వు’, ‘ఘ’ ఉన్నచోట మరేదో పడుతుంది. అరసున్నలు ఎగిరిపోతాయి. మూలంతో పక్కపక్కన పెట్టి రెండుసార్లు దిద్దాలి. ఎవరైనా అనూ ఫాంట్లలో ఉన్న పేజ్‌మేకర్ ఫైలు ఇస్తే అది యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా చదవగలిగే అక్షరాల కోడ్) కాదు, మార్చాక వత్తులు చెదిరిపోయాయేమో చూడాలి. కనిపించని చిక్కు ఇంకోటి. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలో ‘ట్’ తర్వాత కంటికి కనపడని ‘నాన్-జాయినర్’ అక్షరం ఒకటుంటుంది, పక్క అక్షరం వత్తుగా కలిసిపోకుండా ఆపేది. ఒకచోట అది పెట్టి, ఇంకోచోట మానేస్తే రెండూ వేర్వేరు మాటలైపోతాయి, వెతికితే సగమే దొరుకుతాయి. పుస్తకమంతటా ఒకే పద్ధతి పాటించాలి.

ఈబుక్ ఫైలు రూపమైన ఈపబ్ అంటే లోపల హెచ్‌టీఎంఎల్ ఫైళ్లున్న జిప్పే. అందులో ‘మైమ్‌టైప్’ అనే చిన్న ఫైలు మొట్టమొదట ఉండాలి, కంప్రెస్ చేయకూడదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి మామూలుగా జిప్ చేసేస్తే ఈ రెండూ తప్పుతాయి, ఈపబ్ ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే ‘ఈపబ్‌చెక్’ ప్రోగ్రామ్ ఎర్రర్ చూపిస్తుంది. ఆ చెక్ సున్నా తప్పులతో దాటిన ఫైలూ, ఎలా చేసిందో జర్మన్‌లో రాసిన ఒక పేజీ వివరణా అప్లికేషన్‌లో ఉంటే, పది ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ఉన్నవాళ్ల కంటే ఎక్కువ మాట్లాడటానికి దొరుకుతుంది. లోన్ కాగితాలు అడ్మిషన్ లెటర్ వచ్చాక చూసుకోవచ్చు.

మ్యూంట్స్‌లాగా తనూ అక్కడికెళ్లాక సొంత సైటు నడుపుతానంటే రెండు జాగ్రత్తలు. జర్మనీ నుంచి నడిపే సైటు మీద వ్యక్తిగత పేజీలకు తప్ప ‘ఇంప్రెస్సుమ్’ ఉండాలి, అంటే నడిపేవాళ్ల పేరు, చిరునామా. విద్యార్థి వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు ఉద్యోగం చేయొచ్చు కానీ, ప్రకటనలు పెట్టి సొంతంగా సంపాదిస్తే అది స్వయం ఉపాధి కింద లెక్క. దానికి విదేశీయుల కార్యాలయం అనుమతి విడిగా తీసుకోవాలి.