మీరు అడిగారు: బిల్లులో ట్రూఅప్, బంకులో పన్ను

ప్రశ్న: మా ఇంట్లో కరెంటు వాడకం పెద్దగా పెరగలేదు. అయినా ట్రూఅప్ అని, ఎఫ్‌పీపీసీఏ (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చుల సర్దుబాటు) అని బిల్లులో అదనంగా వేస్తున్నారు. సోలార్, గాలి కరెంటును ఎక్కువ రేటుకు కొనడం వల్లే ఇదంతా అని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గొడవ. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అసలు కారణం అది కాదండీ. బిల్లు చీటీ పైనుంచి కిందికి చూడండి. ఎనర్జీ ఛార్జీలు, ఫిక్స్‌డ్ ఛార్జీలు ఈ నెలవి. ట్రూఅప్ మాత్రం ఎప్పుడో వాడేసిన కరెంటు తాలూకు బాకీ. ఈ ఏడాది కొనుగోలుకు ఇంత అవుతుందని కరెంటు పంపిణీ సంస్థలు (డిస్కంలు) ముందుగా విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీకి) లెక్క చెబుతాయి, తీరా అంతకు మించి ఖర్చయితే ఆ తేడా తర్వాత మన మీద పడుతుంది.

2022 వేసవి గుర్తుందా? దేశం మొత్తమ్మీద 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత వేడి మార్చి లేదు. ఏసీలు ముందే మొదలయ్యాయి, సరిగ్గా అప్పుడే థర్మల్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు అడుగంటాయి, ఉక్రెయిన్ యుద్ధంతో విదేశీ బొగ్గు ధర మండిపోయింది. కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ 12 రూపాయలు దాటకూడదని కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ హద్దు పెట్టాల్సి వచ్చింది, అంత పెడతామన్నా కావలసినంత కరెంటు దొరకలేదు. ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. 2022-23 ఆర్థిక సంవత్సరం తేడా 6,072 కోట్ల రూపాయలు. దాన్ని 2024 డిసెంబరు నుంచి వసూలు చేయడం మొదలుపెట్టారు.

ఆ ఏడు ఉత్తరాదిని, పాకిస్థాన్‌ను కాల్చేసిన వడగాలులు వచ్చే అవకాశాన్ని వాతావరణ మార్పు దాదాపు 30 రెట్లు పెంచిందని శాస్త్రవేత్తల బృందం ఒకటి లెక్కగట్టింది. పర్యావరణం గురించి ఆలోచిస్తే ఖర్చు పెరుగుతుందని వాదించేవాళ్లు, ఆలోచించకపోయినందుకు మనం ఇప్పటికే కడుతున్న ఈ డబ్బును లెక్కలోకే తీసుకోరు. నాకు కోపం తెప్పించేది అదే.

పాత సోలార్ ఒప్పందాల్లో కొన్నిటి రేటు ఎక్కువే, కాదనను. కానీ 2017లోనే కడప సోలార్ పార్కు టెండరులో యూనిట్ 3 రూపాయల 15 పైసలు పలికింది. అసలు చిక్కు సాయంత్రం ఆరు దాటాక. పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలే పిన్నాపురం లాంటి ప్రాజెక్టులు, బ్యాటరీలు ఎంత త్వరగా వస్తే మార్కెట్లో ఎక్కువ రేటుకు ఎగబడే అవసరం అంత తగ్గుతుంది. ఇంకో మాట, ట్రూఅప్ వేసేటప్పుడు ఏ నెలలో, ఎక్కడ, ఎంత రేటుకు కొన్నారో ఆ చీటీ మీదే ముద్రించాలి. అడిగే హక్కు మనకుంది. ఈఆర్‌సీ బహిరంగ విచారణల్లో మామూలు వినియోగదారులు కూడా మాట్లాడొచ్చు, అభ్యంతరాలు రాసి పంపొచ్చు.

ప్రశ్న: క్రూడ్ పెరిగితే పెట్రోల్ పెంచుతారు, క్రూడ్ తగ్గితే ఎందుకు తగ్గించరు?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: 2020 ఏప్రిల్ 20న అమెరికాలో ముడిచమురు ఫ్యూచర్స్ ధర సున్నా కిందికి పోయింది. ఆ తర్వాత మే నెలలో కేంద్రం ఎక్సైజ్ సుంకాన్ని పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు పెంచింది. లీటరు పెట్రోల్ మీద సుంకం 32 రూపాయల 98 పైసలకు చేరింది. 2014 మొదట్లో అది పది రూపాయల లోపే. అంటే తగ్గిన ధర మన దాకా రాకుండా మధ్యలోనే ఖజానాకు పోయింది. 2021, 2022లో కొంత దించారు, అది నిజమే. దీనిపైన రాష్ట్రం వ్యాట్. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం, పైగా లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. ఎక్సైజ్ కలిసిన ధర మీద వ్యాట్ లెక్కిస్తారు కాబట్టి పన్ను మీద పన్ను. మీకు చెప్పేదేముంది, పక్కనే పుదుచ్చేరి పరిధిలోని, పన్ను తక్కువున్న యానాం బంకుల్లో ఏపీ బండ్లు ఎందుకు బారులు తీరతాయో మీరు చూస్తూనే ఉంటారు.

పెట్రోల్ మీద పన్నే వద్దని నేను అనను. కానీ ఆ డబ్బులో చెప్పుకోదగ్గ వాటా ఆర్టీసీ బస్సులకు, ఎలక్ట్రిక్ బస్సులకు వెళ్లాలి. బస్సు లేని ఊళ్లో బైకు తీసేవాడికి పర్యావరణ పాఠం చెప్పి పన్ను వేయడం అన్యాయం.

ప్రశ్న: అంతా సోలార్ అంటున్నారు. బొగ్గు బావులు మూసేస్తే మా పిల్లల సంగతేంటి?
– సింగరేణి కార్మికుడు, గోదావరిఖని

జవాబు: దేశంలో తయారయ్యే కరెంటులో ఇప్పటికీ సింహభాగం బొగ్గుదే. రేపటికి రేపు మూతపడదు. కానీ ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య నలభై వేల చుట్టుపక్కలకు దిగిందంటే అది సోలార్ చేసిన పని కాదు. ఓపెన్‌కాస్టులు (పైనుంచి తవ్వే గనులు), యంత్రాలు, కాంట్రాక్టు పద్ధతి వల్ల జరిగింది. ఆ మార్పు వచ్చినప్పుడు మీ పిల్లల కోసం ఎవరూ ప్రణాళిక వేయలేదు, మళ్లీ అలా జరగకూడదు. సింగరేణి సొంతంగా సోలార్ ప్లాంట్లు పెట్టింది, వాటిలో స్థానికులకు శిక్షణ, ఉద్యోగాలు రాసిమ్మని ఇప్పుడే అడగండి. విద్యుత్ సంస్థలు సింగరేణికి పడిన వేల కోట్ల బకాయిలు తీర్చాలని కూడా అడగండి. లాభాలు ఉన్నప్పుడే కొత్త పనికి పెట్టుబడి పుడుతుంది.

ప్రశ్న: మేడ మీద సోలార్ పెట్టించుకోమంటారా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: సొంత ఇల్లు, నీడ పడని డాబా ఉండి, నెలకు మూడు వందల యూనిట్ల దాకా కాలుతుంటే పెట్టించండి. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ వస్తుంది. దరఖాస్తు అధికారిక పోర్టల్‌లోనే పెట్టండి, ఫోన్ చేసి అడ్వాన్స్ అడిగేవాళ్లకు పైసా ఇవ్వొద్దు. నెట్ మీటర్ (మనం వాడిన, బయటికి పంపిన కరెంటు రెండూ లెక్కించే మీటరు) బిగించాకే మిగిలిన డబ్బు చెల్లిస్తానని ముందే కాగితం మీద రాయించుకోండి.